ఒక కాపు తప్పిన తోట

మా ఇంటా వంటా మందు లేదు. అలాంటి ఇంట్లో పుట్టిన నేను, ఆక్లాండ్ పడమటి శివార్లలో ఒక కుటుంబం ముప్ఫై ఏళ్ళకు పైగా ఏటా చేసుకుంటూ వచ్చిన తెల్ల వైన్‌ని ఒక సంవత్సరం లేకుండా చేశాను. పొరపాటున జరిగిందని చెప్పుకుంటే సగం అబద్ధమవుతుంది. కావాలనే చేశాను. మేలు చేస్తున్నాననుకుని, నా అంత తెలిసినవాళ్ళు ఆ దేశంలో లేరనుకుని చేశాను. నాకప్పుడు ఇరవై ఆరేళ్ళు, పొగరుకు లోటు లేదు.

ఆ పొగరు ఊరికే రాలేదు. మా నాయిన మేడ్చల్ దగ్గర ద్రాక్ష రైతు. పెద్ద పెద్ద కాయల అనాబ్-ఎ-షాహి రకం, మనిషి ఎత్తు పందిరి, ఏడాదికి రెండు కటింగులు. నేను పదో తరగతికి వచ్చేసరికి కూలీలతో సమానంగా కత్తెర ఆడించేదాన్ని. ఏ తీగ మీద కాయ వస్తుందో, ఏది ఉత్త ఆకేసుకుని కూర్చుంటుందో చూడగానే చెప్పేదాన్ని. నేను డిగ్రీలో ఉండగా బోర్లు ఎండిపోయి తోట పోయింది. కత్తెర మాత్రం నా వెంటే ఉంది. పెళ్ళయి న్యూజిలాండ్ వచ్చేటప్పుడు పచ్చడి సీసాలకి, చీరలకి మధ్య గుడ్డలో చుట్టి పెట్టుకున్నాను. ఎయిర్‌పోర్టులో వాళ్ళు దాన్ని పైకి తీసి, మట్టి ఉందేమోనని అటూ ఇటూ తిప్పి చూసి, కడిగి మరీ ఇచ్చారు.

మేం ఆక్లాండ్ దక్షిణాన పాపటోయిటోయిలో రెండు గదుల ఫ్లాట్లో ఉండేవాళ్ళం. మా ఆయన ఇంజనీరింగ్ పట్టా సూట్‌కేసులో పెట్టి, ఎయిర్‌పోర్టు పక్క గోడౌన్లో పెట్టెలు సర్దే పనికి వెళ్ళేవాడు. నేను ఇంట్లో కూర్చుని కిటికీలోంచి వాన చూసేదాన్ని. పక్క ఫ్లాట్లో ఫిజీ నుంచి వచ్చిన ఆంటీ ఉండేది. వాళ్ళాయన పడమటి వైపు ద్రాక్ష తోటలకు వ్యాన్‌లో కూలీలను తీసుకెళ్ళే మేస్త్రీ. ఒకరోజు మాటల్లో నేను ద్రాక్ష రైతు కూతుర్నని తెలిసి ఆంటీ నోరు తెరిచింది. "మరి ఇంట్లో ఏం చేస్తున్నావ్? రేపే బయల్దేరు" అంది తన హిందీలో.

ఫోన్లో మా అమ్మకు వైన్ తోటలో పని దొరికిందని చెప్పాను. అమ్మకు తెలిసిన వైన్ అంటే మా వీధి చివర బోర్డున్న దుకాణమే.

"ఎంత కష్టమొచ్చె బిడ్డా నీకు! వైన్ షాపుల పనిజేస్తున్నవా?" అని ఏడ్చేసింది. అది షాపు కాదని ఒప్పించడానికి సగం ఫోన్‌కార్డు అయిపోయింది.

ఆ తోట యజమాని డెబ్భై దాటిన ముసలాయన. ఆయన తాత అడ్రియాటిక్ సముద్రపు ఒడ్డు నుంచి, నేలలో పూడిపోయిన కౌరి చెట్ల బంక తవ్వుకుని బతకడానికి వచ్చినవాడట. బంక అయిపోయాక ఆ నేల మీదే ద్రాక్ష వేశారు. భార్య పోయి చాలా కాలమైంది. వ్యవహారమంతా కూతురు చూసేది. ఆమెకు ముప్ఫై అయిదేళ్ళుంటాయి. ఎప్పుడూ రబ్బరు బూట్లలో, ఎప్పుడూ ఎక్కడికో పరుగెడుతూ ఉండేది. లెక్కలు, సీసాలు, కొనేవాళ్ళు, ట్రాక్టర్ రిపేర్లు అన్నీ ఆమె నెత్తినే.

తోటలో ఎక్కువ భాగం కొత్తది. రోడ్డు పక్క మూలలో మాత్రం ఐదు వరసల పాత తీగలు ఉండేవి. ముసలాయన పెళ్ళయిన ఏడాది, తన చేత్తో నాటినవి. పొరుగాయన దగ్గర కొమ్మలు అడిగి తెచ్చి నాటాడు కాబట్టి ఆ రకం పేరేమిటన్న దాని మీద ఆ ఇంట్లోనే రెండు మాటలుండేవి. కాగితంలో ఒక పేరు, ఆయన నోట ఇంకో పేరు. అందుకని సీసా మీద రకం పేరు వేసేవాళ్ళు కాదు, పాత తోట తెల్ల వైన్ అని మాత్రమే ఉండేది. ఆ ఐదు వరసల నుంచి మంచి ఏడాదైతే మూడు పీపాలు వచ్చేవి. కొన్నేళ్ళుగా తగ్గుతూ తగ్గుతూ రెండుకు పడింది. చుట్టుపక్కల తోటలు ఒక్కొక్కటే ఇళ్ళ స్థలాలైపోతున్న కాలం. రోడ్డు పక్క మూల కాబట్టి అడిగేవాళ్ళు ఆ ఐదు వరసలనే అడుగుతున్నారు. తండ్రీ కూతుళ్ళ మధ్య ఒక ఒప్పందం కుదిరింది: వచ్చే కాపులో రెండు పీపాలు నిండితే తోట ఉంటుంది, నిండకపోతే ఆ మూల అమ్మేస్తారు. ఆ ఒప్పందం సంగతి నాకు తర్వాత తెలిసింది. ముందే తెలిసి ఉంటే ఈ కథ లేదు.

జూన్ నెల, అక్కడ చలికాలం. వాన, బురద, చేతులు కొంకర్లు పోయే చలి. ఆకులన్నీ రాలి తీగలు మోడులుగా ఉన్నాయి. మేస్త్రీ అంకుల్ నాకు పని చూపించాడు. ఒక్కో మొదలు నుంచి రెండు పొడవాటి తీగలు ఎంచుకుని ఉంచాలి, మిగిలినవన్నీ కోసేయాలి, ఆ రెండింటినీ ఇనుప తీగె మీద అటొకటి ఇటొకటి వంచి కట్టాలి. నాకు నవ్వొచ్చింది. ఇంతింత పొడుగు ఉంచితే మొక్క ఏమైపోవాలి? అయినా చెప్పినట్టే చేశాను. నాలుగు రోజులకల్లా నా వరస అందరికన్నా ముందు ఉంటోంది.

ముసలాయన కర్ర పట్టుకుని, ఒక కాలు ఈడ్చుకుంటూ తోటలో తిరిగేవాడు. తుంటి ఎముక అరిగిపోయి ఆపరేషన్ కోసం గవర్నమెంటు ఆసుపత్రి పిలుపుకు ఎదురుచూస్తున్నాడు. ఒకరోజు నా వెనక నిలబడి చాలాసేపు చూశాడు.

"ఆ కత్తెర ఎక్కడిది?"

"మా నాన్నది, అంకుల్."

అంకుల్ అన్నందుకు ఆయన నవ్వాడు. కత్తెర అడిగి తీసుకుని, తెరిచి మూసి, పిడి మీద మా నాయిన బొటనవేలు అరగదీసిన చోట తన వేలు పెట్టి చూశాడు. మరునాడు నన్ను పాత తోటకు తీసుకెళ్ళాడు. మేస్త్రీ అంకుల్ ముఖం చూసి తీరాలి. ఆ ఐదు వరసల్లో ముసలాయన తప్ప ఇంకెవరూ కత్తెర పెట్టగా ఆయన చూడలేదట.

ముసలాయన ఒక తీగ కోసి చూపించాడు. రెండు పొడుగు కొమ్మలు, వంచి కట్టడం, అంతే. "ఆసుపత్రి వాళ్ళు పిలిచారు. సోమవారం వెళ్తున్నాను. ఇవి నువ్వు చెయ్యి" అన్నాడు. మేస్త్రీ వైపు తిరిగి, ఈ అమ్మాయి పనిలో ఎవరూ వేలు పెట్టొద్దని చెప్పాడు. నాకైతే కాళ్ళు నేల మీద నిలవలేదు.

సోమవారం ఒక్కదాన్నే పాత తోటలోకి వెళ్ళాను. దగ్గర నుంచి చూస్తే నాకు జాలేసింది. నిజంగా జాలి. మొదళ్ళు పగిలి లోపల డొల్లగా ఉన్నాయి. పెన్సిల్ కన్నా సన్నటి కొమ్మలు. కొమ్మలు పుట్టే తీగ తల ఏటికేడు పైకి పాకి పాకి, వాటిని కట్టాల్సిన ఇనుప తీగెను దాటిపోయింది. పాపం, ఈ వయసులో కూడా ఏటా కాయమంటున్నారే అనిపించింది.

మా తోటలో అలసిపోయిన తీగకు మా నాయిన ఒక కాపు సెలవిచ్చేవాడు. అన్ని కొమ్మలనూ రెండేసి కళ్ళు, అంటే చిగురు పొడిచే కణుపులు, మాత్రమే మిగిలేలా పొట్టిగా కోసేవాడు. ఆ కాపు కాయ రాదు. బలమంతా కట్టెలోకి పోతుంది. మరుసటి కాపుకు తీగ పడుచుదై లేస్తుంది. "ఈసారి పండుకోనీ" అనేవాడు, పసిపిల్లకు దుప్పటి కప్పినంత మెత్తగా. నేను కూడా ఆ ఐదు వరసలను పడుకోనిచ్చాను. ఎవర్నీ అడగలేదు. ఎవరూ నన్ను అడగలేదు. పొడుగు కొమ్మలన్నీ కోసి, వరసల మధ్య కుప్పలు పోశాను. వారం పట్టింది. చివరి మొదలు దగ్గర నిలబడి వెనక్కి చూస్తే పిల్లలకు క్షవరం చేయించినట్టు ఎంత శుభ్రంగా ఉందో. ముసలాయన చూసి ఏమంటాడోనని ఊహించుకుని మురిసిపోయాను. మేస్త్రీ అంకుల్ దూరం నుంచి చూసి, ఇది ముసలాయన రహస్య పద్ధతి కాబోలు అనుకున్నాడట.

మూడో వారంలో ముసలాయన వచ్చాడు. కర్రకు బదులు నాలుగు కాళ్ళ స్టాండు. ఒక్కో అడుగు వేసుకుంటూ పాత తోట మొదటి వరస దాకా వచ్చి ఆగాడు. నేను పరుగెత్తుకెళ్ళాను, మెచ్చుకుంటాడని.

ఆయన ఒక్కో మొదలు దగ్గర ఆగి, వంగలేక వంగి, నేను వదిలిన పొట్టి కణుపులను వేలితో తాకాడు. రెండో వరస సగానికి వచ్చేసరికి మెచ్చుకోబోవడం లేదని నాకు అర్థమైంది. ఆయన తిరగబోర్లించిన ప్లాస్టిక్ డబ్బా మీద కూర్చున్నాడు.

"ఇలా ఎందుకు చేశావు?"

"అలసిపోయాయి అంకుల్. ఒక ఏడాది సెలవిచ్చాను. మా నాన్న ఇలాగే..."

"ఈ రకానికి మొదటి కళ్ళలో కాయ లేదు."

"తెలుసు. ఈ ఏడాది రాదు. వచ్చే ఏడాది బాగా వస్తుంది."

ఆయన చాలాసేపు రోడ్డు వైపు చూశాడు. తర్వాత కోపం లేకుండా అన్నాడు: "తీగలకు వచ్చే ఏడాది ఉంది, అమ్మాయ్. నాకుందో లేదో తెలియదు."

అప్పుడు ఆ ఒప్పందం సంగతి చెప్పాడు. రెండు పీపాలు. లేకపోతే ఆ మూల అమ్మకం. ఏడుద్దామన్నా ఏడుపు రాలేదు. అంత సిగ్గేసింది.

ఇంతలో ఆయన కూతురు బూట్లు చప్పుడు చేసుకుంటూ వచ్చింది. వరసలు చూసింది. ముఖం ఎర్రబడింది. "ఎవరు చేశారిది?" అంది. నేను నోరు తెరిచాను. నా కన్నా ముందు ఆయన అన్నాడు:

"నేనే చెయ్యమన్నాను."

"మీరా? ఒప్పందం మర్చిపోయారా?"

"మర్చిపోలేదు. తీగలు అలసిపోయాయి. సెలవివ్వమన్నాను."

నా మాటే ఆయన నోట విన్నాను. ఆమె నా వైపు చూసింది. నేను నేల వైపు చూశాను. ఆమె తండ్రితో, "అయితే ఫలితం ఏమిటో మీకు తెలిసే చేశారన్నమాట. ఇక మాట్లాడేదేముంది" అని వెళ్ళిపోయింది. ఆమె గొంతులో కోపం కన్నా అలసట ఎక్కువుంది. నేను మాత్రం నిలబడ్డ చోటే నిలబడ్డాను. ఒక్క మాట, ఒకే ఒక్క మాట అనలేకపోయాను. ఉద్యోగం పోతుందన్న భయం కొంత. అంతకన్నా, ద్రాక్ష రైతు కూతుర్నని ఊరంతా చెప్పుకున్న దాన్ని, ఆ పరువు పోతుందన్న భయం ఎక్కువ.

రెండు రోజులు అన్నం సయించలేదు. మూడో రోజు, ఆదివారం, ఫోన్‌కార్డు కొనుక్కొచ్చి నాయినకు చేశాను. మొత్తం చెప్పాను.

"ఎవర్నడిగి కోసినవ్?"

"ఎవర్ని అడగలే నాయినా. నువ్వు గట్లనే చేస్తుంటివి గదా అని..."

"నా తోటల నేను చేసిన. అది నా తోట, నా తీగ, నా కడుపు. ఆళ్ళ తీగకు సెలవియ్యనీకి నువ్వెవరు?"

నాయిన అంతటితో వదల్లేదు.

"ఆ పెద్దమనిషి నీ తప్పు నెత్తినేసుకున్నడు. నువ్వు ఊకున్నవ్. అంతేనా?"

"అంతే."

"మరి బుక్క ఎట్ల దిగుతున్నది నీకు?"

దిగడం లేదని చెప్పాను. "దిగొద్దు గూడ. పొయ్యి చెప్పు. రేపే చెప్పు" అన్నాడు. ఫోన్ పెట్టేయబోతూ మళ్ళీ అడిగాడు: "కోత ఎంత మీద కోసినవ్? రెండు కండ్లా, ఒకటా?" రెండు అన్నాను. "కట్టె ఎండిందా, లోపల పచ్చగున్నదా?" పచ్చగా ఉంది అన్నాను. "అయితే బతుకుతది తియ్. బాగనే వస్తది వచ్చే ఏడు" అని పెట్టేశాడు.

సోమవారం మధ్యాహ్నం భోజనాల వేళ వాళ్ళ ఇంటి వంటగదికి వెళ్ళాను. కూతురు సింకు దగ్గర గిన్నెలు కడుగుతోంది. ముసలాయన బల్ల దగ్గర సూపు తాగుతున్నాడు. నేను చెప్పులు గుమ్మం బయటే వదిలి, నిలబడే చెప్పేశాను. ఆయన చెప్పమనలేదని, నేనే చేశానని, ఆ రోజు నోరు మూసుకోవడం ఇంకా పెద్ద తప్పని.

ఆమె గిన్నె కడగడం ఆపలేదు. "తెలుసు" అంది.

నాకు అర్థం కాలేదు.

"ఆయన ముప్ఫై ఏళ్ళకు పైగా ఆ తీగల్ని ఒకేలా కోశాడు. ఆసుపత్రి మంచం మీద నుంచి కొత్త పద్ధతి పంపిస్తాడా? చూడగానే తెలిసింది. ఆయన నాతో అబద్ధమాడాడని కోపం వచ్చింది. నువ్వు ఆడనిచ్చావని ఇంకా కోపం వచ్చింది."

ముసలాయన సూపులోకి చూస్తూ కూర్చున్నాడు. చిన్నపిల్లవాడు దొరికిపోయినట్టుంది ఆయన ముఖం.

"ఇప్పుడు చెప్పావు. మంచిది. కానీ పీపాలు నిండవు కదా?" అంది ఆమె.

"ఈ ఏడాది నిండవు. వచ్చే ఏడాది నిండుతాయి. మా నాన్న చెప్పాడు."

"మీ నాన్న చూడకుండా ఎలా చెప్పాడు?"

దానికి ముసలాయన తలెత్తాడు. "అడుగుదాం. ఫోన్ చెయ్యి" అన్నాడు. అప్పుడు మన దగ్గర పొద్దున ఏడు. నాయిన చాయ్ తాగి పేపరు చదువుతూ ఉంటాడు. వాళ్ళ ఫోన్ నుంచే కలిపాను. స్పీకర్ మీద పెట్టాను. బల్లకు అటు ముసలాయన, మధ్యలో నేను, పన్నెండు వేల కిలోమీటర్ల అవతల మా నాయిన. నా జీవితంలో అంత భయపడి చేసిన తర్జుమా ఇంకొకటి లేదు.

నాయిన ముందు క్షమాపణ చెప్పాడు. "మా పిల్ల తొందర పడ్డదని చెప్పు. నా పెంపకం తప్పని చెప్పు." నేను మొదటి ముక్కే చెప్పి రెండోది మింగేశాను. ముసలాయన నా ముఖం చూసి, ఇంకేదో అన్నాడే, అది కూడా చెప్పమన్నాడు. చెప్పాను. ఆయన చెయ్యి ఊపేశాడు.

ఆ తర్వాత ఇద్దరూ పనిలో పడ్డారు. తీగల వయసెంత, మట్టి ఏమిటి, వానెంత. ముసలాయన అడిగేవాడు, నేను అటు చెప్పేదాన్ని. నాయిన జవాబిచ్చేవాడు, ఇటు చెప్పేదాన్ని. కొన్ని మాటలకు నా తర్జుమా కూడా అక్కర్లేకపోయింది. "కాయ" అన్నా "కట్టె" అన్నా గొంతులోనే తెలిసిపోతోంది కాబోలు, ముసలాయన ముందే తలూపేవాడు.

"చిగుర్లు గుంపుగ వస్తయ్. అన్ని ఉంచొద్దు. మొదలుకు దగ్గరున్న రెండు మూడు ఉంచి తతిమ్మయి గిల్లెయ్యమను. తల పైకి పోయిందన్నవు గదా, ఇప్పుడు కిందికి దించుకోవచ్చు. వచ్చే ఏడు మళ్ళ ఆయన లెక్కనే కొయ్యి. నీ లెక్క కాదు. ఇనబడ్డదా?" అన్నాడు నాయిన.

నేను చెప్పాను. ముసలాయన కళ్ళు చికిలించి ఆలోచించాడు. ఇన్నేళ్ళుగా తల దించడానికి ధైర్యం చాలలేదని, ఒక కాపు పోతుందని వాయిదా వేస్తూ వచ్చానని ఒప్పుకున్నాడు. అప్పుడు, ఒక రైతు ఇంకో రైతును అడిగినట్టు, మామూలుగా అడిగాడు: "ఈ ఏడాది మీ తోట ఎలా ఉంది?"

నేను ఆగిపోయాను.

"ఏమంటుండు?" అన్నాడు నాయిన.

"నీ తోట ఎట్లున్నదని అడుగుతుండు."

అవతల పేపరు మడిచిన చప్పుడు వినిపించింది. "లేదని చెప్పు. బోర్లెండినయ్ అని చెప్పు. తీగలు నేనే నరికిన. కూలోల్లను పెట్టలే, ఆ పాపం ఆళ్ళకెందుకని. ఇప్పుడాడ ప్లాట్లు. నేనా తొవ్వల పోను."

కూలీలను పెట్టలేదన్న సంగతి నాకప్పటిదాకా తెలియదు. ఆ రోజుల్లో నేను హాస్టల్లో ఉన్నాను, పరీక్షలున్నాయని నన్ను ఇంటికి రావద్దన్నారు. ఇంగ్లీషులో ఎలాగో పూర్తి చేశాను. సింకు దగ్గర నీళ్ళ చప్పుడు ఆగిపోయింది.

ముసలాయన ఓదార్పు మాటలేవీ అనలేదు. "ఎన్ని రోజులు పట్టింది?" అని అడిగాడు.

నాయిన వెంటనే చెప్పాడు. "పదకొండు దినాలు."

ముసలాయన తలూపాడు. కూతురు చేతులు తుడుచుకుని వచ్చి బల్ల దగ్గర కూర్చుంది. తండ్రి ముఖంలోకి చూడకుండా, "ఒక్క ఏడాది. మళ్ళీ అడగొద్దు" అంది. ఆమె చెడ్డ మనిషి కాదు. ఆ తోట బరువంతా మోస్తున్న మనిషి. ఆ మాట అనడానికి ఆమె ఏమేం పక్కకు పెట్టాల్సి వచ్చిందో నాకు తెలియదు.

నన్ను పనిలోంచి తీసేయలేదు. వసంతంలో చిగుర్లు గుంపులుగా పొడుచుకొచ్చాయి. నాయిన చెప్పినట్టే గిల్లాను. వేసవికి కొమ్మలు బొటనవేలి మందం అయ్యాయి. గుత్తులు మాత్రం లేవు. వెతికితే వరసకు నాలుగో ఐదో, అవి పిట్టలపాలు. కోతల కాలంలో మిగతా తోటంతా సందడిగా ఉంటే ఆ ఐదు వరసలు మాత్రం పచ్చగా, ఖాళీగా ఉన్నాయి. అటు వైపు నడవాల్సొస్తే తల దించుకుని నడిచేదాన్ని.

వాళ్ళింటి నడవాలో ఒక చెక్క అర ఉండేది. మొదటి కాపు నుంచి ఏడాదికొక సీసా చొప్పున పాత తోట వైన్ దానిలో పడుకోబెట్టి ఉండేది. ఆ ఏడాది గూడు ఖాళీగా ఉండిపోయింది. తర్వాతి సీసా వచ్చినప్పుడు ఆ గూట్లోనే పెట్టేయొచ్చు కదా, వెలితి కనబడకుండా ఉంటుందని నేనే ఒకసారి అన్నాను. ముసలాయన ఒప్పుకోలేదు. "అది కూడా ఒక ఏడాదే" అన్నాడు.

మళ్ళీ చలికాలం వచ్చింది. ఆయన వరస మధ్యలో స్టూలు వేయించుకుని కూర్చుని, కర్రతో చూపిస్తూ చెప్పేవాడు. నేను కోసేదాన్ని. రెండు పొడుగు కొమ్మలు, అటొకటి ఇటొకటి, ఆయన లెక్కనే. ప్రతి కోతకు ముందు ఆయన వైపు చూసేదాన్ని. పదో మొదలు దగ్గర విసుక్కున్నాడు. "ఇక చూడకు, కొయ్యి. నీకు తెలుసు" అన్నాడు. ఆ మాట కోసం ఏడాది ఎదురుచూశానని అప్పుడే తెలిసింది నాకు.

ఆ వేసవిలో గుత్తులు దిగాయి. మా నాయిన చూస్తే ఫోటో తీయించేవాడు, అంత నిండుగా. జనవరిలో కాయ ఇంకా బఠానీ గింజంత ఉండగానే ముసలాయన ఒకటి తెంపి నోట్లో వేసుకున్నాడు. ఏటా అలా చేస్తాడట, పులుపు చూసి పంట చెప్తాడట. ముఖమంతా వంకరపోయింది. ఒక కన్ను మూసుకుపోయింది. "బాగుంది" అన్నాడు. నాకూ ఒకటి ఇచ్చాడు. పళ్ళు జివ్వుమన్నాయి. ఇద్దరం నవ్వుకున్నాం.

ఫిబ్రవరిలో ఆయన పోయాడు. నిద్రలోనే, బాధ పడకుండా. కాయ రంగు తిరగడానికి రెండు వారాలుంది. చర్చిలో వెనక వరసలో కూర్చుని నేను బాహాటంగా ఏడ్చాను. చుట్టూ వాళ్ళు ఎంతో నిదానంగా ఉన్నారు. ఈ అమ్మాయి ఎవరని ఒకరిద్దరు తిరిగి చూశారు. అందరికీ ఆయన చావు మీద దుఃఖం. నాకు ఆ పైన ఇంకోటి ఉంది. నేను తినేసిన ఒక ఏడాది.

కోతకు కూతురు నన్ను పిలిచింది. ఐదో నెల కడుపుతో వెళ్ళి, పాత తోట మొదటి గుత్తి నేనే కోశాను. రెండు పీపాలు నిండి, మూడోది సగానికి వచ్చింది. ఆమె పీపా మీద చెయ్యి పెట్టి నిలబడి, ఎవరికీ వినపడనంత మెల్లగా ఏదో అంది. ఆ మూల అమ్మలేదు.

ఆ మరుసటి ఏడాదికి మేం ఊరికి దక్షిణపు చివర టకానినిలో ఇల్లు కొనుక్కుని మారాం. అది కూడా ఒకప్పుడు ఎవరిదో పొలమే. పాపకు ఏడో నెల నడుస్తోంది. పెట్టెలు ఇంకా విప్పలేదు. ముసలాయన కూతురు అంతదూరం కారు నడుపుకుంటూ వచ్చి, పాపను ఎత్తుకుని, ఒక సీసా బల్ల మీద పెట్టి వెళ్ళింది. పాత తోట తెల్ల వైన్. మాకు తాగే అలవాటు లేదని ఆమెకు తెలుసు. "దాచుకో" అంది.

ఆ మధ్యాహ్నం నాయినకు ఫోన్ చేసి సీసా సంగతి చెప్పాను. మా నాయిన తన జీవితంలో మందు ముట్టలేదు, ఇంటి గడప తొక్కనివ్వలేదు. ఒకసారి వైన్ కంపెనీ వాళ్ళు తోట మొత్తం కొంటామని వస్తే గేటు దగ్గర నుంచే పంపించేశాడు. అందుకే భయం భయంగా చెప్పాను.

ఆయన ముందు అడిగింది వేరే. "ఎట్ల కాసినయ్? కట్టె మంచిగున్నదా?"

"మస్తు కాసినయ్ నాయినా. మూడో పీపాల గూడ పోసిన్రు."

"పెద్దమనిషి రుచి జూసిండా?"

ముసలాయన పోయిన సంగతి అప్పుడే చెప్పాను, ఏడాది కిందటే. నాయిన మర్చిపోలేదు. ఆయన అడుగుతున్నదేమిటో నాకు తెలుసు.

"పచ్చి కాయ జూసిండు. గంతే."

అక్కడ వీధిలో కూరగాయల బండివాడు అరుస్తున్నాడు. నాయిన గొంతు సవరించుకున్నాడు.

"అయితే ఆయన వంతు నువ్వు తాగు, బిడ్డా" అన్నాడు.

మా ఇంట్లో వైన్ గ్లాసులు ఎక్కడుంటాయి? విప్పిన పెట్టెలో స్టీలు గ్లాసు దొరికింది. సీసా మూత కార్కు కాదు, తిప్పితే వచ్చేదే. రెండు గుక్కలు పోసుకుని, వంటగదిలో నిలబడి తాగాను. ముందు పులుపు తగిలింది, పళ్ళ చివర, జనవరిలో తగిలిన చోటే. ఒక కన్ను దానంతటదే మూసుకుపోయింది. ఫోన్ ఇంకా చెవి దగ్గరే ఉంది.

"ఎట్లున్నది?" అన్నాడు నాయిన.

"బాగుంది" అన్నాను.